రెండువందల కిలోల లెక్క

దెబ్బతిన్న కట్టడమును కూల్చవలసివచ్చినప్పుడెల్ల మన నగరపాలకులు మొట్టమొదట ప్రకటించునది, పని ఎన్ని గంటలలో ముగియునన్న మాటయే గాని, ఏ అంతస్తుపై ఎంత శిథిలము నిలువ వచ్చునన్న మాట కాదు. గడువు చెప్పి కూల్చుటయే దక్షతయను ఈ భ్రాంతి ప్రాణాంతకమైనది; దానిని మెచ్చుకొనుచు వ్రాయు పత్రికలకును అందు భాగము కలదు.

నివాసగృహపు గదికి మన ప్రమాణములు విధించు వినియోగభారము చదరపు మీటరునకు 200 కిలోలు. పగిలిన కాంక్రీటు అడుగెత్తున పేరుకొన్నచో ఆ భారము 400 కిలోలు దాటును. యాబది గజముల స్థలములో, లారీ దూరని సందులో, ప్రక్క యింటి గోడకు గోడ ఆనియున్నచోట, ముక్కలను దింపుటకు తావులేక, మేస్త్రీ వానిని క్రింది స్లాబుపైననే పడనిచ్చును. నిక్షేపముగా నున్ననాడే మోయుటకు ఉద్దేశింపబడని బరువును, మంటలో కాలియో, పునాది జరిగియో సత్తువ ఉడిగిన స్లాబు మోయవలెను! కాలిన కాంక్రీటు చల్లారినంత మాత్రమున పూర్వబలమును పొందదు గదా.

సికింద్రాబాదు నల్లగుట్టలో 2023 జనవరి 19న తగులబడిన డెక్కన్ మాల్ భవనమును కూల్చుచుండగానే, ఆ నెలాఖరున అంతస్తులు కుప్పకూలినవి. చెన్నై త్యాగరాయనగరులో 2017లో కాలిన బట్టల దుకాణపు భవనమును పడగొట్టుచు యంత్రచాలకుడొకడు శిథిలములపాలయ్యెను. ఈ రెండింటి తరువాతనైనను 200 కిలోల ప్రసక్తి ఎవరి నోటను వినరాలేదు. యంత్రము చేయి ఎంత పొడవన్న చర్చ మాత్రము విరివిగా సాగినది.

2022లో నోయిడాలో కూల్చిన జంటభవనములవలె క్షణములలో పేల్చివేయరాదా యని అడుగువారు కలరు. అక్కడ దృఢముగా నున్న స్తంభములకు నెలల తరబడి రంధ్రములు తొలిచినారు. బీటలు వారిన స్తంభమును తొలుచుటకు ఏ తల్లి బిడ్డను లోనికి పంపుదురు?

2024 నవంబరులో గచ్చిబౌలి సిద్దిఖ్ నగరులో ఒరిగిన ఇంటివంటి సందర్భములలో జాప్యము తగదనుట నిజమే, ఒప్పుకొందును. అయితే ఇరుగుపొరుగును ఖాళీ చేయించుటలో చూపవలసిన తొందరను స్లాబు పగులగొట్టుటలో చూపుట అవివేకము.

ముందు ఇంజనీరు పరిశీలన, పిమ్మట పైనుండి క్రిందికి అంతస్తు వెంట అంతస్తు అని కూల్చివేత భద్రతకు సంబంధించిన భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 4130 చెప్పుచునే యున్నది. క్రింది అంతస్తులకు జాకీలు నిలుపుటకును, శిథిలమును ఏ పూటకాపూట దింపుటకును సొమ్ము కావలెను. అతి తక్కువ ధర పాడినవానికి పని కట్టబెట్టి, ఆ సొమ్ము అతడెక్కడినుండి తెచ్చునని ఆశించెదరు? అయ్యా, గడువు ప్రకటించు అధికారులారా, దాని ప్రక్కనే 200 కిలోల లెక్క సరిచూచి సంతకము చేసిన ఇంజనీరు పేరును కూడ ప్రకటింపుడు. అట్టివాడు లేడందురా, యంత్రమును వెనుకకు మరలింపుడు.