గోలయా, మొఱయా?



ఇంగ్లీషువారు "నాయిస్" అను నొక్క మాటతో చెప్పుదానికి మన తెలుగున ననేకమైన మాటలు గలవు. ఆకులలో కదలిన సవ్వడి, గడపయొద్ద అలికిడి, పెండ్లియింటి సందడి, డప్పుల మోత, సముద్రపు ఘోష, యంత్రపు రొద, పిల్లల అల్లరి. ఈ మాటలు ధ్వనిని మాత్రమే గాక, వినువాని తీర్పును గూడ తెలుపుచున్నవి. సందడి యన్నవాడు సంతోషించుచున్నాడు. దానినే గోల యన్నవాడు విసుగుకొనుచున్నాడు. కావున దేనికి ఏ పేరు పెట్టుదుమో యోచింపవలెను.

పామాయిలు మిల్లులోను, గడ్డికోత యంత్రమువలనను కలుగు రొదను "పని యన్న తరువాత చప్పుడుండదా?" యని మనవారే త్రోసివేయుదురు. ఇది తగదు. మలేసియా దేశపు 2019వ సంవత్సరపు నియమముల ప్రకారము, పనివాని చెవిన బడు ధ్వని దినమునకు 85 డెసిబెళ్ల సగటును మించరాదు. 82 దాటిననే అది మితిమీరినదిగా నెంచబడును. చెవిలోని సూక్ష్మకణములు ఒకమారు నశించిన మరల పుట్టవు. చెవికప్పులు అడుగుట గారాబము కాదు, హక్కు.

ఇక మనుష్యుల మాట. 1941లో సెలాంగూరు నందలి క్లాంగు ప్రాంతమున రబ్బరుతోటల కూలీలు సమ్మె చేసి, కూలి హెచ్చింపుమనియు, అధికారుల యెదుట సైకిలు దిగవలెనను ఆచారమును మాన్పుమనియు కోరిరి. ప్రభుత్వము దీనిని అల్లరిగా నెంచి సైన్యమును పిలిపించెను. కాల్పులలో కూలీలు మరణించిరి. వారు చేసినది గోల కాదు, మొఱ. గోలను అణచిన చాలును. మొఱకు ప్రత్యుత్తర మియ్యవలెను. ఆ భారము తప్పించుకొనుటకే బలవంతులు మొఱకు గోల యని పేరు పెట్టుదురు.

అయితే మన మొఱ గోలగా వినబడకుండ చూచుకొనుట మన వంతు. నలుగురును ఒక్కసారి కేకలు వేయక, కొఱతలను కాగితముపై వ్రాసి, తేదీ వేసి, అందఱును చేవ్రాలు చేసి, నకలొకటి మనయొద్ద నుంచుకొనవలెను. కేకను వినలేదనవచ్చును గాని, కాగితమును చూడలేదనుట కష్టము.

తలిదండ్రులారా, ఈ న్యాయము మన యిండ్లలోను జరుగవలెను. బిడ్డ పాఠమును బిగ్గరగా చదువునప్పుడు "గోల చేయకు" మని గద్దింపకుడు. అది గోల కాదు, చదువు. రేపు మన మొఱను వ్రాయవలసినవాడు ఆ బిడ్డయే.