కొండదారి ప్రయాణములో లెక్కించవలసినది కిలోమీటర్లు కాదు

వర్షాకాలము ముగిసే రోజులలో ఒక ఆదివారము ఉదయము మాచర్ల నుంచి నాగార్జునసాగర్ వెళ్ళే మార్గములో నిలబడి చూడండి. మోటారు సైకిళ్ళు గుంపులు గుంపులుగా ఎత్తిపోతల వైపు సాగిపోతుంటాయి. సాగర్ ఆనకట్టకు సుమారు 11 కి.మీ. దూరములో, చంద్రవంక 70 అడుగుల ఎత్తు నుంచి దూకే ఆ చోటును చూడాలనుకోవడములో తప్పు లేదు. నాలుగు గోడల మధ్య పనిచేసే యువకులు అప్పుడప్పుడు ఊరు దాటి వెళ్ళడము ఆరోగ్యమునకు మంచిదే. నా అభ్యంతరము ప్రయాణము మీద కాదు, దానికి వారు వేసుకొనే ప్రణాళిక మీద.

ఆ ప్రణాళిక తరచు ఇలా ఉంటుంది. తెల్లవారుజామున 4 గంటలకు లేచి నరసరావుపేట నుంచో, గుంటూరు నుంచో బయలుదేరడము. ఉదయము ఎత్తిపోతల. అక్కడి నుంచి వెనుకకు మాచర్ల వచ్చి, యర్రగొండపాలెము, దోర్నాల మీదుగా నల్లమల ఘాటు ఎక్కి, మధ్యాహ్నము దాటాక శ్రీశైల మల్లన్న దర్శనము. మరునాడు ఉద్యోగము ఉన్నది కనుక రాత్రికే తిరుగు ప్రయాణము. పటము మీద కిలోమీటర్లు కూడితే ఇది కుదిరేటట్లే కనిపిస్తుంది. శరీరము లెక్క వేరు.

ఉదయము 4 గంటలకు లేచినవాడు రాత్రి 9 గంటలకు 17 గంటలుగా మేలుకొని ఉన్నట్లు. అంతసేపు నిద్ర లేనివారి చేతికి, కంటికి మధ్య పొందిక, రక్తములో ప్రతి 100 మి.లీ.కు 50 మి.గ్రా. మద్యము ఉన్నవారి స్థాయికి దిగజారుతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. వాహనము నడిపేవారికి మన చట్టము విధించిన హద్దు 30 మి.గ్రా. మాత్రమే. అంటే చుక్క ముట్టని యువకుడు కూడా, మేలుకొని ఉన్న గంటల వలన, తాగి నడిపేవానితో సమానము కావచ్చును.

పైగా నల్లమల అడవి దారిలో రాత్రివేళ తనిఖీ గేట్లు మూస్తారు. గేటు మూయక ముందే దాటాలన్న తొందర అలసటకు తోడవుతుంది. అలసిన మెదడు, కళ్ళు తెరిచి ఉండగానే, రెండు మూడు సెకన్లు నిద్రలోకి జారిపోగలదు. గంటకు 40 కి.మీ. వేగముతో పోయే బండి రెండు సెకన్లలో 22 మీటర్లు ముందుకు పోతుంది. ఘాటులో లోయ అంతకంటే దగ్గరలోనే ఉంటుంది.

నేను ఉద్యోగములో ఉన్న రోజులలో ఒక రాత్రి ఇద్దరు స్నేహితులను ఆసుపత్రికి తెచ్చారు. వెనుక కూర్చున్నవానికి కాలు విరిగింది. నడిపినవాని తలకు దెబ్బ తగిలింది. హెల్మెట్ పెట్టుకున్నాడు కాని గడ్డము కింద పట్టీ బిగించుకోలేదు. పడగానే అది ఎగిరిపోయింది. ఏమి జరిగిందని అడిగితే, "మలుపు వచ్చింది సార్, వాడు బండి తిప్పలేదు" అన్నాడు స్నేహితుడు. తెల్లవారేసరికి ఆ నడిపిన అబ్బాయి మనకు దక్కలేదు. "మా వాడు తాగడండీ" అని తండ్రి పదే పదే చెప్పాడు. నిజమే, తాగలేదు. నిద్రకు వాసన ఉండదు.

అందువలన నా సలహా ఒక్కటే. ఎక్కడికి వెళ్ళాలో అనుకొనే ముందు, రాత్రి ఎక్కడ పడుకోవాలో నిర్ణయించుకోండి. ఒక్క రోజే తీరిక ఉంటే ఎత్తిపోతల, సాగర్ చూసి చీకటి పడక ముందే ఇల్లు చేరండి. ఘాటు కూడా ఎక్కదలిస్తే రెండు రోజులు కేటాయించండి. శ్రీశైలములో సత్రాలకు కొదవ లేదు. మరునాడు ఉదయపు వెలుగులో దిగండి.

మిగిలినవి క్లుప్తముగా చెబుతాను. ముందు రాత్రి కంటినిండా నిద్రపోండి. రెండు గంటలకు ఒకసారి బండి ఆపి నీళ్ళు త్రాగండి. భోజనము తరువాత అరగంట కునుకు తీయండి. కాఫీ నిద్రను కాసేపు వాయిదా వేస్తుందే కాని తీర్చదు. జలుబు మాత్రలలో చాలావాటికి మగత కలిగించే గుణము ఉన్నది, వాటిని వేసుకొని నడపకండి. మధుమేహమునకు ఇన్సులిన్ తీసుకొనేవారు తిండి వేళ దాటనీయకండి. మలుపులోనికి పోక ముందే వేగము తగ్గించండి. దిగేటప్పుడు తక్కువ గేరులో దిగండి. హెల్మెట్ ఇద్దరికీ ఉండాలి, పట్టీ బిగించి ఉండాలి. మోటారు సైకిలు ప్రమాదాలలో హెల్మెట్ మరణాలను సుమారు 42 శాతము, తల గాయాలను 69 శాతము తగ్గిస్తుందని అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష తేల్చింది.

దారిలో ఎవరైనా పడి ఉంటే 108కి ఫోను చేయండి. కారుతున్న రక్తమును శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. నీళ్ళు త్రాగించకండి, కాళ్ళూ చేతులూ పట్టి ఎత్తకండి. సదుద్దేశముతో సాయపడినవారికి చట్టము రక్షణ ఇస్తున్నది కనుక వెనుకాడకండి. అయితే అడవి నడుమ పడినవానికి ఎంతో విలువైన మొదటి గంట దారిలోనే గడిచిపోతుంది. పడకుండా ఉండడమే అక్కడ అసలైన చికిత్స.

చివరిగా తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు బయలుదేరేటప్పుడు "ఎన్నింటికి వస్తావు?" అని మనము అడుగుతాము. ప్రేమతో అడిగినా ఆ ప్రశ్న వారిని తొందరపెడుతుంది. ఇకమీదట "ఈ రాత్రి ఎక్కడ పడుకుంటావు?" అని అడగండి. జవాబు చెప్పలేకపోతే ఆ ప్రయాణము ఇంకా సిద్ధము కాలేదని అర్థము.