వెనక సీటులోంచి చదవాల్సిన ఫైలు

లండన్‌ని మినహాయిస్తే ఇంగ్లండ్‌లో టాక్సీ నడపాలంటే స్థానిక కౌన్సిల్ లైసెన్సు కావాలి. డ్రైవర్ మీద ఫిర్యాదు వస్తే ఆ లైసెన్సు ఉంచాలా తీసెయ్యాలా అన్నది తేల్చేదీ కౌన్సిలే. 1976 నాటి చట్టం వాళ్ల చేతికి ఒకే కొలబద్ద ఇచ్చింది: ఇతను 'తగినవాడు, యోగ్యుడు' అవునా, కాదా? యోగ్యుడంటే ఎవరో ఆ చట్టం విడమరిచి చెప్పలేదు. మన పెళ్లిసంబంధాల్లో 'యోగ్యుడైన వరుడు' అన్న మాట ఎంత గాలిమాటో ఇదీ అంతే. తేల్చేది పెద్దమనుషులు. బతకాల్సింది అమ్మాయి.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ఏ ఫైలు గురించి విన్నా ఇది ఎవరి కథగా చెప్తున్నారు అని అడగడం నాకు అలవాటు. లైసెన్సు విచారణలో కథానాయకుడు డ్రైవరే. తన వాదన చెప్పుకుంటాడు, వకీలుని తెచ్చుకోవచ్చు. లైసెన్సు పోతే 21 రోజుల్లో మేజిస్ట్రేట్ కోర్టుకి వెళ్లొచ్చు. ప్రజల భద్రత కోసం రద్దు తక్షణం అమలవ్వాలని కౌన్సిల్ ప్రత్యేకంగా చెప్తే తప్ప, అప్పీలు తేలేదాకా బండి నడుపుకోవచ్చు. ఇవన్నీ ఉండాల్సిందే. కానీ అతని లైసెన్సు ఉంచేస్తే, ఫిర్యాదు చేసిన స్త్రీకి అలాంటి అప్పీలు లేదు. కథ ఆమెతో మొదలైంది, ముగింపులో ఆమె లేదు.

'పొట్ట కొడతారా?' అన్నది ఇక్కడ మొదట వినబడే మాట. లీడ్స్ కౌన్సిల్ కేసులో 2002లోనే ఇంగ్లండ్ హైకోర్టు స్పష్టంగా చెప్పింది: చూడాల్సింది ప్రజల భద్రత, డ్రైవరు కుటుంబ పరిస్థితులు కావు. అయినా ఆ వాదన చావదు. ఎందుకంటే ఉపాధి అనగానే మన కళ్లముందు నిలబడేది మగవాడి ఉపాధే. అర్ధరాత్రి డ్యూటీ దిగే నర్సుకి పొట్ట లేదా? ఇక్కడినుంచి చదువుకోడానికి వెళ్లి, రాత్రిళ్లు కేర్ హోముల్లో, హోటళ్లలో పనిచేసే మన తెలుగు అమ్మాయిలు కూర్చునేదీ ఆ వెనక సీటులోనే. ఆ కారు ఎక్కడానికి భయపడి పని మానుకున్న స్త్రీ ఉపాధి నష్టం ఏ ఫైల్లో రాస్తారు?

రెండో మాట, 'నేరం రుజువు కాలేదుగా!' లైసెన్సు విచారణ క్రిమినల్ కోర్టు కాదు. ఒకణ్ణి జైలుకి పంపడానికి కావలసినంత రుజువు, అపరిచిత స్త్రీలను తలుపులు మూసిన కార్లో అతని చేతికి అప్పగించకుండా ఉండటానికి అక్కర్లేదు. ఈ తేడా గుర్తించకపోతే ఏమవుతుందో రాదరమ్ చూపించింది. ఆ ఊళ్లో 1997-2013 మధ్య సుమారు 1400 మంది పిల్లలు లైంగిక దోపిడీకి గురయ్యారని 2014లో అలెక్సిస్ జే నివేదిక అంచనా వేసింది. అందులో టాక్సీ డ్రైవర్ల పాత్రనీ ఎత్తిచూపింది. యోగ్యులకే లైసెన్సులు దక్కేలా కౌన్సిల్ తగిన చర్యలు తీసుకోలేదని 2015లో లూయీజ్ కేసీ నివేదిక తేల్చింది. యోగ్యుడా కాదా అన్నది సగం సగంగా ఉంటే లైసెన్సు ఇవ్వకూడదని, సందేహ లాభం డ్రైవరుకి దక్కకూడదని ప్రభుత్వం మార్గదర్శకాల్లో రాసింది 2020లో. అంత ఆలస్యంగా!

మూడో మాట జాతి గురించి. రాదరమ్ పేరు ఎత్తగానే కొందరు పాకిస్తానీ మూలాలున్న డ్రైవర్లందరినీ బోనెక్కిస్తారు. ఇంకొందరు జాతివివక్ష ముద్ర పడుతుందని నోరు కుట్టేసుకుంటారు. ఇద్దరికీ ఆడపిల్ల సాకు మాత్రమే. పాకిస్తానీ కుటుంబాల ఆడపిల్లలనూ టాక్సీ డ్రైవర్లు వేటాడారని స్థానిక మహిళా బృందం చెప్పిన సంగతి జే నివేదికలోనే ఉంది. దాన్ని ఈ రెండు పక్షాలూ తల్చుకోవు. లండన్‌లో 12 మంది స్త్రీల మీద చేసిన నేరాలకు 2009లో శిక్షపడిన జాన్ వార్‌బాయ్స్ తెల్లవాడు, పేరున్న నల్ల టాక్సీ డ్రైవరు. యోగ్యతకు రంగు లేదు. కొలబద్ద అందరికీ ఒకటే కావాలి, అందరిమీదా వాడాలి.

ఇక కన్నాలు. ఒక కౌన్సిల్ కాదంటే ఇంకో కౌన్సిల్ గడప తొక్కేవాళ్లను పట్టుకోడానికి, రద్దులనూ తిరస్కారాలనూ ఉమ్మడి రిజిస్టర్లో నమోదు చెయ్యాలని 2022లో చట్టం వచ్చింది. కానీ ఒక ఊళ్లో లైసెన్సు తీసుకుని వేరే ఊళ్లో తిరిగే పద్ధతిని ఆపాలని 2025లో కూడా కేసీ మళ్లీ సిఫార్సు చెయ్యాల్సి వచ్చింది. ఊరి ఆడవాళ్లు ఎవరి కారు ఎక్కుతున్నారో ఆ ఊరి కౌన్సిల్‌కే తెలియకపోతే ఇక యోగ్యత చూసేదెవరు?

మనం అడగాల్సింది దయ కాదు. లైసెన్సు డ్రైవరు ఆస్తి కాదు, ప్రయాణికులు పెట్టుకున్న నమ్మకం. దాన్ని ఉంచినా తీసేసినా కారణాలు ఫిర్యాదు చేసిన స్త్రీకి రాతలో ఇవ్వాలి. ఆ నిర్ణయాన్ని తిరిగి పరిశీలించమని అడిగే హక్కు ఆమెకీ ఉండాలి. కమిటీలో కూర్చునేవాళ్లలో రాత్రిపూట ఒంటరిగా టాక్సీ ఎక్కే స్త్రీలుండాలి. డ్రైవరు అప్పీలు హక్కు ఇందువల్ల ఒక్క వీసమెత్తు కూడా తగ్గదు. తగ్గేదల్లా ఆమె లేకుండానే ఆమె భద్రతను తేల్చేసే పెద్దమనుషుల అధికారం.