వైకల్య పింఛను జాలి కాదు, హక్కు

గల్ఫ్‌లో మన సైట్ల గేట్ల దగ్గర సెక్యూరిటీ డ్యూటీ చేసే అన్నల్లో మాజీ సైనికులూ ఉన్నారు. మోకాళ్ల నొప్పులతోనే 12 గంటలు నిలబడతారు. వైకల్య పింఛను మాటెత్తితే "రిజెక్ట్ చేశార్లే" అంటారు. అలా ఊరుకోవద్దన్నదే మా మాట.

గాయమో జబ్బో సైనిక సర్వీసు వల్ల వచ్చిందనో, సర్వీసులో ముదిరిందనో తేలి, వైకల్యం 20 శాతానికి తగ్గకుండా ఉంటే ఆ సొమ్ము అడిగే హక్కుంది. కానీ చాలా అర్జీలు 'సర్వీసుతో సంబంధం లేదు' అన్న ఒక్క ముక్కతో తిరిగొస్తాయి. చేరేటప్పుడు వైద్య పరీక్షలో రాయని జబ్బు తర్వాత బయటపడితే, సర్వీసు వల్లే వచ్చిందని భావించాలని, కాదని నిరూపించే భారం సర్కారుదేనని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. న్యాయమే! ఒళ్లంతా పరీక్షించి తీసుకున్నవాళ్లే కదా జవాబు చెప్పాల్సింది? 2023 సెప్టెంబర్ 21 తర్వాత సర్వీసు వదిలినవారికి మాత్రం కొత్త నిబంధనలొచ్చాయి.

సైట్లో వేలు తెగితే పరిహారం కోసం మనం కాగితాలు దాచుకుంటాం. మీరూ అంతే అన్నలారా! సెలవుకెళ్లినప్పుడు డిశ్చార్జి బుక్కు, మెడికల్ బోర్డు కాగితాలు, తిరస్కరణ లేఖ పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. అప్పీలు చేయండి. అదీ కాదంటే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. మన రెండు రాష్ట్రాలూ చెన్నై బెంచ్ పరిధిలోకి వస్తాయి.