అరవై వేలలో ఆటకూ, కూర్పుకూ ఒకే యంత్రం

వీడియో చిత్రీకరణ ఒకనాడు స్టూడియోల సొత్తు. నేడు ప్రతి యింటిలోనూ ఒకరి చేతిలోనైనా కెమెరా గల ఫోను కలదు. తీసిన దృశ్యాలను కోసి, కూర్చి, మాటనూ పాటనూ జోడించి చూపగలవారికి చిన్న పట్టణాలలోనూ పని దొరుకుతున్నది. పెండ్లి వీడియోలు, పాఠశాల వార్షికోత్సవాలు, స్థానిక వ్యాపార ప్రకటనలు ఎందరో యువకులకు జీవనోపాధి అయినవి. ఆ పనికి కంప్యూటర్ కావాలి. అదే కంప్యూటర్‌పై తీరిక వేళ ఆటలాడుకోవాలన్న కోరికా సహజమే. అయితే రెండింటికీ తగిన యంత్రం సిద్ధరూపంలో కొనబోతే ధర మధ్యతరగతి కుటుంబానికి అందనంత ఎత్తున కనిపిస్తుంది. కావున పలువురు విడిభాగాలు కొని అమర్చుకొనే మార్గాన్ని, అంటే వాడుకలో ‘అసెంబుల్డ్’ అనే పద్ధతిని ఆశ్రయిస్తున్నారు.

ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్, ముంబయిలోని లామింగ్టన్ రోడ్డు, చెన్నైలోని రిచీ వీధి, బెంగుళూరులోని ఎస్.పి. రోడ్డు, సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఇందుకు పేరుపొందిన అంగళ్ళు. అక్కడ అడుగు పెట్టినవారు సాధారణంగా అడిగే ప్రశ్న ‘అన్నిటికన్న మంచి కార్డు ఏది?’ అని. అడుగవలసిన ప్రశ్న అది కాదు. ‘నా పనికి ఏ భాగం ఎంత బలంగా ఉండాలి? ఉన్న సొమ్మును వాటి మధ్య ఎట్లా పంచాలి?’ అన్నదే అసలు ప్రశ్న. కాడికి ఒక ప్రక్క ఒంగోలు గిత్తను, మరొక ప్రక్క బక్క దూడను కట్టిన బండి దూడ నడకనే నడుస్తుంది. కంప్యూటరూ అంతే.

రెండు పనులు, రెండు అవసరాలు

ఆటలో తెరపై బొమ్మ సెకనుకు 60 మార్లు మారవలెనన్న, ఒక్కొక్క బొమ్మను చిత్రించడానికి యంత్రానికి దొరికే వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకన్లు మాత్రమే. ఈ చిత్రణభారం ప్రధానంగా గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది. ఒక్క బొమ్మ ఆలస్యమైనా ఆటగాని కంటికి తడబాటు తెలుస్తుంది.

వీడియో కూర్పు విషయం వేరు. 4కె దృశ్యంలో ఒక్క బొమ్మకు 3840 అడ్డంగా, 2160 నిలువుగా మొత్తం 82,94,400 చుక్కలుంటాయి. చుక్కకు మూడు బైట్ల చొప్పున, సెకనుకు 30 బొమ్మల చొప్పున లెక్కించితే ఒక్క నిమిషపు దృశ్యం సుమారు 45 గిగాబైట్లవుతుంది. ఏ ఫోనూ ఇంత భారాన్ని మోయలేదు. అందుచేత ఫోనూ, కెమెరా దృశ్యాన్ని కుదించి భద్రపరుస్తాయి. అప్పుడప్పుడు ఒక్క పూర్తి బొమ్మను దాచి, నడుమ ఉన్న బొమ్మలలో మారిన అంశాలను మాత్రమే గుర్తుంచుకుంటాయి. అందువలన కూర్పరి మధ్యలో ఎక్కడో ఒకచోట దృశ్యాన్ని కోయదలచినపుడు, యంత్రం వెనుకకు వెళ్ళి పూర్తి బొమ్మను వెదకి, అక్కడినుండి ఒక్కొక్కటే విప్పుకొంటూ రావలసి ఉంటుంది. కూర్పు వేళ తెర స్తంభించిపోవడానికి కారణం చాలమార్లు ఇదే. విప్పే పనికి ప్రత్యేకమైన ఏర్పాటు చిప్పులోనే ఉన్నదా లేదా అన్నది ఇక్కడ ముఖ్యం.

కార్డు పేరు చాలదు

ఒక ఉదాహరణ చూడండి. 2022 జనవరిలో ఎ.ఎం.డి. సంస్థ రేడియాన్ ఆర్.ఎక్స్. 6500 ఎక్స్.టి. అనే కార్డును తక్కువ ధర శ్రేణిలో విడుదల చేసింది. మోస్తరు ఆటలకు అది పనికివస్తుంది. కాని దానిలో మెమరీ 4 గిగాబైట్లే. వీడియోను కుదించి వ్రాసే ఏర్పాటు అసలే లేదు. ఆట కోసమే కొన్నవానికి అది సరిపోవచ్చు. పెండ్లి వీడియో పూర్తిచేసి ఇవ్వవలసినవానికి ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. అదే సంస్థవారి ఆర్.ఎక్స్. 6600లో 8 గిగాబైట్ల మెమరీ, ఆ ఏర్పాటూ ఉన్నాయి. ఎన్విడియా వారి ఆర్.టి.ఎక్స్. 3060లో 12 గిగాబైట్ల రకం, 2024 డిసెంబరులో వచ్చిన ఇంటెల్ ఆర్క్ బి580లో 12 గిగాబైట్లు కలవు. 4కె దృశ్యాలతో పని చేయువారికి కార్డులో 8 గిగాబైట్లు కనీసం, 12 ఉంటే నిశ్చింత.

ప్రాసెసర్ ఎన్నికలోనూ ఇటువంటి మెలిక ఉన్నది. ఇంటెల్ ఐ5-12400, ఐ5-12400ఎఫ్ రెండింటిలోనూ ఆరు కోర్‌లే. చివర ‘ఎఫ్’ అక్షరం గల దానిలో అంతర్గత గ్రాఫిక్స్ పనిచేయదు; ధర కొంత తగ్గుతుంది. ఆటకు మాత్రమైతే ఆ పొదుపు మంచిదే. కాని నేటి కెమెరాలలో పలు రకాలు 10-బిట్ 4:2:2 అనే పద్ధతిలో రంగును నమోదు చేస్తాయి. దానిని విప్పే ఏర్పాటు ఈ ఇంటెల్ అంతర్గత గ్రాఫిక్స్‌లో ఉన్నది. ఎన్విడియా కార్డులలో 2025లో వచ్చిన 50 శ్రేణికి ముందు లేదు. అనగా కెమెరాతో పని చేసే కూర్పరికి ఆ ఆదా రోజూ గంటల నష్టంగా పరిణమించవచ్చు. ఫోనుతో మాత్రమే చిత్రించేవారికి ఈ చిక్కు సాధారణంగా ఉండదు, వారు ఎ.ఎం.డి. రైజెన్ 5 5600 వంటి ఆరు కోర్‌ల ప్రాసెసర్‌ను నిస్సంకోచంగా ఎన్నుకోవచ్చు.

మెమరీ, నిల్వ

ర్యామ్ 16 గిగాబైట్లు కనీసం. ఒకే 16 ముక్కకన్న రెండు 8 ముక్కలు మేలు. డి.డి.ఆర్.4-3200 రకంలో ఒక ముక్క సెకనుకు 25.6 గిగాబైట్ల సమాచారం అందించగలదు. రెండింటిని సరియైన గూళ్ళలో అమర్చితే 51.2 వరకు సాధ్యం. నాలుగు గూళ్ళు గల మదర్‌బోర్డు తీసుకొంటే తరువాత మరి రెండు ముక్కలు చేర్చుకోవచ్చు. 2025 ఉత్తరార్ధంలో కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ మూలంగా మెమరీ ధరలు ప్రపంచమంతటా తీవ్రంగా పెరిగాయి. ఆ డిసెంబరులోనే మైక్రాన్ సంస్థ తన ‘క్రూషియల్’ పేరిట సాగిన వినియోగదారుల విక్రయాలను విరమిస్తున్నట్లు ప్రకటించింది. కావున నిరుటి ధరల పట్టికను నమ్మి అంగడికి వెళ్ళడం తగదు. అవసరమైనంత మెమరీతో ఆరంభించి, పెంచుకొనే వీలును మాత్రం వదలుకోరాదు.

పని జరిగే దృశ్యాలు ఎస్.ఎస్.డి.లో ఉండాలి. సాధారణ హార్డ్‌డిస్కు సెకనుకు 150 నుండి 200 మెగాబైట్లు చదివితే, ఎన్.వి.ఎం.ఇ. రకపు ఎస్.ఎస్.డి. వేల మెగాబైట్లు చదువుతుంది. పూర్తయిన పనిని భద్రపరచడానికి హార్డ్‌డిస్కే చవక. ఒకరి పెండ్లి తిరిగి జరుగదు గనుక, దాని ప్రతిని మరొక డిస్కులో కూడ ఉంచడం కూర్పరి ధర్మం.

అందరూ మరచే భాగం

విడిభాగాలలో అత్యంత నిర్లక్ష్యానికి గురయ్యేది విద్యుత్తును మార్చి అందించే ఎస్.ఎం.పి.ఎస్. పలు దుకాణాలలో క్యాబినెట్‌తోపాటు ‘ఉచితం’గా ఇచ్చే ఎస్.ఎం.పి.ఎస్. మీద 450 వాట్లు అని వ్రాసి ఉండవచ్చు. అంత భారాన్ని అది మోయగలదన్న భరోసా లేదు. అది కాలితే తాను ఒక్కటే పోక, కార్డునూ మదర్‌బోర్డునూ వెంట తీసుకొనిపోవచ్చు. ‘80 ప్లస్’ గుర్తు విద్యుత్తు ఎంత వృథా కాకుండా వాడబడుతున్నదో చెబుతుందే గాని, రక్షణ ఏర్పాట్లను గురించి చెప్పదు. కావున పేరుగల సంస్థది, అయిదేండ్ల హామీ గలది ఎన్నుకోవాలి. 65 వాట్ల ప్రాసెసర్‌కు, 130 నుండి 170 వాట్ల కార్డుకు 550 వాట్లది చాలును.

యు.పి.ఎస్. విషయంలోనూ ఒక భ్రమ ఉన్నది. దానిమీది 600 వి.ఎ. అన్న సంఖ్య వాట్లు కాదు. సాధారణంగా అది 360 వాట్లకు మించదు. ఇంటి ఎర్తింగ్ సరిగా లేకపోతే ఎంత మంచి యంత్రమైనా ప్రమాదంలో ఉన్నట్లే. వేసవిలో 40 డిగ్రీలు దాటే ప్రాంతాలవారు అద్దాల అందంకన్న ముందు భాగాన జల్లెడ వంటి రంధ్రాలు, రెండు ఫ్యాన్లు గల క్యాబినెట్‌కు ప్రాధాన్యం ఇవ్వాలి. వేడెక్కిన చిప్పు తన్ను తాను కాపాడుకొనుటకై వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు పెట్టిన సొమ్ముకు తగిన పని జరుగదు.

అరవై వేల పంపకం

మానిటర్, కీబోర్డు విడిచి అరవై వేల రూపాయలున్నవనుకొందాం. మూడవ వంతు, అంటే 20 వేలు గ్రాఫిక్స్ కార్డుకు. 18 వేలు ప్రాసెసర్, మదర్‌బోర్డులకు. 15 వేలు ర్యామ్, ఎస్.ఎస్.డి.లకు, మిగిలిన 7 వేలు ఎస్.ఎం.పి.ఎస్., క్యాబినెట్‌లకు. ధరలు మారినా ఈ నిష్పత్తి చాలవరకు నిలుస్తుంది. ఆటే ముఖ్యమైనవారు రెండు, మూడు వేలు కార్డు వైపు జరుపుకోవచ్చు. కూర్పే జీవనోపాధి అయినవారు మెమరీ వైపు జరుపుకోవాలి. ఎస్.ఎం.పి.ఎస్. వాటాను మాత్రం ఎవరూ ముట్టరాదు.

సొమ్ము ఇంకా తక్కువైతే దశలవారీగా సాగవచ్చు. అంతర్గత గ్రాఫిక్స్ గల ప్రాసెసర్‌తో ఆరంభించి, మొదటి సంపాదనతో కార్డు చేర్చుకోవడం అప్పు చేయుటకన్న ఉత్తమం. మదర్‌బోర్డు ఆయుష్షును చూడడం ఇందుకే. ఎ.ఎం.డి. వారి ఎ.ఎం.4 అమరిక 2017నాటి మొదటి రైజెన్ నుండి 2020నాటి 5000 శ్రేణి వరకు నిలిచింది. పాత బోర్డునే ఉంచుకొని, బయోస్‌ను నవీకరించి, కొత్త ప్రాసెసర్ అమర్చుకొన్నవారు ఎందరో.

పాత కార్డులు కొనేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం వ్యవస్థ తన పద్ధతిని మార్చుకొన్నందున, అంతవరకు రేయింబవళ్ళు ‘మైనింగ్’లో శ్రమించిన కార్డులు పెద్దయెత్తున అంగళ్ళకు వచ్చాయి. పాతదంతా చెడ్డది కాదు. కాని కొనేముందు అరగంటసేపు పూర్తి భారంతో నడిపించి, వేడినీ ఫ్యాన్ల శబ్దాన్నీ, మిగిలిన హామీనీ పరిశీలించనిదే సొమ్ము చెల్లించరాదు.

రశీదు కూడ ఒక భాగమే

విడిభాగాలపై జి.ఎస్.టి. 18 శాతం. ‘బిల్లు లేకుండా తగ్గిస్తాము’ అన్న మాటకు లోబడితే హామీని కోల్పోయినట్లే. రశీదుపై ప్రతి భాగం పేరు, క్రమసంఖ్య ఉండాలి. పెట్టె లేకుండా విడిగా అమ్మే ప్రాసెసర్‌కు తయారీదారు హామీ ఉన్నదీ లేనిదీ ముందే తేల్చుకోవాలి. 2020 జూలై నుండి అమలులోనికి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, అయిదు లక్షల రూపాయల లోపు కొనుగోలుపై జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము లేదు. 1915 సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చు.

సాఫ్ట్‌వేర్‌కు దొంగ ప్రతుల అవసరమూ లేదు. డావిన్సీ రిజాల్వ్ ఉచిత రూపం 4కె నాణ్యతలో వీడియో ఇవ్వగలదు. కెడెన్‌లైవ్ పూర్తిగా ఉచితం. యంత్రం బలహీనమైతే దృశ్యాలకు తేలికపాటి నకళ్ళు తయారుచేసుకొని వాటిపై కూర్పు సాగించి, చివర అసలు దృశ్యాలతో పూర్తిచేసే సౌకర్యం ఈ రెండింటిలోనూ కలదు. ‘ప్రాక్సీ’ అనే ఈ పద్ధతిని నేర్చినవాడు వేల రూపాయల భాగంతో జరిగే పనిని ఖర్చు లేకుండానే కొంతవరకు సాధించగలడు.

అంగడికి బయలుదేరేముందు ఒక కాగితంపై మూడు విషయాలు వ్రాసుకోండి: ఏ కెమెరాతో తీసిన దృశ్యాలు కూర్చాలి, ఏ ఆటలు ఆడాలి, వచ్చే రెండేండ్లలో ఏ భాగం పెంచగలరు. ఆ కాగితం చేతిలో ఉంటే దుకాణదారుని మెరుగుమాటలు గాని, కార్డుపై మెరిసే దీపాలు గాని మీ నిర్ణయాన్ని కదల్చలేవు. ముహూర్తాల రోజులలో, పని గడువు ముంచుకొచ్చిన రాత్రి, యంత్రం ఆగకుండా పనిచేయడమే ఆ కాగితం విలువ.