బిగించే ముందు అడుగుదాం! చేజేతులా వారంటీ పోగొట్టుకోవద్దు!

పొదిలి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల ట్రాక్టర్, ట్రాలీ, నీళ్ల ట్యాంకరు యజమానులకు, డ్రైవర్లకు, వెల్డింగు షాపుల వారికి, ఎలక్ట్రీషియన్లకు విజ్ఞప్తి



షోరూము నుంచి వచ్చిన బండిని వచ్చినట్టే నడిపేవాళ్లు మనలో ఎంతమంది? నిమ్మకాయలు తొక్కించిన మర్నాడే వెల్డింగు షాపు ముందు నిలబెడతాం. పొగాకు బేళ్లు పొదిలి వేలం కేంద్రానికి తోలాలంటే ట్రాలీ పక్క రేకుల ఎత్తు పెంచాలి. ఎండాకాలం ఊళ్లకు నీళ్లు తోలాలంటే ట్యాంకు ఎక్కించాలి. మార్కాపురం పలకల రాయి మోయాలంటే కమాన్ కట్టలో ఇంకో పట్టీ వేయాలి. రాత్రి దుక్కికి లైట్లు కావాలి. ఇవి సోకుల కోసం చేసేవి కావు, మన నేల, మన పని అడిగే మార్పులు. వీటిని మానుకోమని నేను చెప్పడం లేదు. చెప్పేది ఒక్కటే: అడిగి బిగించండి, కాగితం తీసుకోండి.

నా బండి సంగతి వినండి

కొన్న ఏడో నెలలో నాలుగు ఎల్‌ఈడీ లైట్లు పెట్టించాను. హెడ్‌లైటు వైరు తొక్క ఒలిచి, కొత్త వైరు మెలేసి, నల్ల టేపు చుట్టారు. రిలే లేదు, ఫ్యూజు లేదు. నెల తిరక్కముందే ఒక రాత్రి చేలో మీటరు బోర్డు వెనక నుంచి పొగ లేచింది. చెయ్యి పెడితే కరిగిన టేపు వేళ్లకు అంటుకుంది. షోరూము మెకానిక్కు ఆ ముడిని ఫోన్లో ఫోటో తీసుకుని, "వైరింగుకు వారంటీ రాదన్నా" అన్నాడు. ఆ మాట న్యాయమే. తప్పు నాది.

అదే వారం హైడ్రాలిక్ పంపు కూడా కారడం మొదలైంది. లైట్లకూ దానికీ ఏ సంబంధమూ లేదు. "బండి మార్చారు, ఇక దేనికీ వారంటీ లేదు" అన్నారు. ఆ మాట కాగితం మీద రాసివ్వలేదు. నేనూ అడగలేదు. తల వంచుకుని డబ్బు కట్టి వచ్చాను. ఈ రెండో మాటను నిలదీయొచ్చని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మీకు ముందే తెలియాలని ఈ కరపత్రం వేయిస్తున్నాను.

చెడింది ఏది? చెడగొట్టింది ఏది?

మనం బిగించినదాని వల్ల ఏ భాగం పాడైందో, ఆ భాగానికి వారంటీ అడగలేం. కానీ దానితో సంబంధం లేని భాగానికి కూడా కాదంటే, "ఈ మార్పు వల్ల ఆ భాగం ఎలా చెడిందో చూపించండి" అని అడగాలి.

ఇది నా సొంత వాదన కాదు. 2014 ఆగస్టు 25న భారత పోటీ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. బయట మెకానిక్కు దగ్గర రిపేరు చేయిస్తే వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టొద్దంది. తప్పుడు రిపేరు వల్ల ఎంత నష్టం జరిగిందో అంతవరకే వారంటీ కాదనవచ్చని చెప్పింది. అది కార్ల కేసు, కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. అయినా అందులోని సూత్రం మన వాదనకు బలం.

అమెరికాలో ఉన్న మన పిల్లల్ని అడగండి. అక్కడ పికప్ బండి వెనక ఇల్లంత ట్రైలర్ తగిలించుకుని ఊళ్లు తిరుగుతారు. ఫిఫ్త్ వీల్ ట్రైలర్ అంటారు దాన్ని. దానికి సోలార్ పలకలు, బ్యాటరీలు బిగించుకునేవాళ్లదీ మన భయమే. ఫలానా కంపెనీ సామానే కొనాలి, లేకుంటే వారంటీ లేదనే షరతును అక్కడ 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం సాధారణంగా ఒప్పుకోదు. మన దేశంలోనూ 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెచ్చింది. అందులో వ్యవసాయ యంత్రాలు కూడా ఉన్నాయి.

బిగించే ముందు ఈ ఆరు పనులు చేద్దాం

1. వారంటీ పుస్తకం చదివిద్దాం. ఎన్ని నెలలు, ఎన్ని గంటలు, ఏ సర్వీసు ఎప్పుడు అన్నది అందులోనే ఉంటుంది. టైర్లకు, బ్యాటరీకి చాలాసార్లు వాటి కంపెనీల వారంటీలే వేరుగా ఉంటాయి. ఆ కార్డులు కూడా దాచుకుందాం. చదువుకునే పిల్లలున్న ఇంట్లో ఇది ఒక సాయంత్రం పని.

2. నోటిమాట నమ్మొద్దు. "ఏం కాదులే, వేయించుకో" అన్న మనిషి రేపు ఆ షోరూములో ఉండకపోవచ్చు. ఏం బిగించాలనుకుంటున్నామో రాసి, డీలరుకు వాట్సాప్‌లోనైనా పంపి, జవాబు తీసుకుందాం. కంపెనీ అమ్మే లైటు, హుక్కు, వాల్వు ఉంటే ముందు వాటి ధర అడుగుదాం.

3. కంపెనీ వైరును కోయనివ్వొద్దు. కొత్త లైట్లకు బ్యాటరీ నుంచి వేరే వైరు, దానికి రిలే, ఫ్యూజు పెట్టించుకుందాం. ఎలక్ట్రీషియన్ తమ్ముళ్లారా, ఈ మాట మీరే ముందు చెప్పండి.

4. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు తీయిద్దాం. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. వాటితో ఇంజిన్‌ను కంప్యూటరే నడిపే బండ్లు వచ్చాయి. వెల్డింగు కరెంటు తగిలితే ఆ కంప్యూటరు కాలిపోవచ్చు. ట్రాలీకి చేసే పనైతే ట్రాక్టర్ విప్పి దూరంగా పెట్టండి. ట్రాక్టర్ ఛాసిస్ మీద అడగకుండా ఒక్క చుక్క వెల్డింగు కూడా వద్దు.

5. బరువు లెక్క చూద్దాం. లీటరు నీళ్లు కిలో. 5,000 లీటర్ల ట్యాంకంటే నీళ్లే 5 టన్నులు, ట్యాంకు ఇనుము దానికి అదనం. ఇంకో కమాన్ పట్టీ వేసినంత మాత్రాన బ్రేకు బలం పెరగదు, ఆర్‌సీలో రాసిన బరువు మారదు. సగం నిండిన ట్యాంకులో నీళ్లు ముందుకీ వెనక్కీ కొట్టుకుంటాయి. లోపల అడ్డు రేకులు లేకపోతే నల్లమల ఘాట్ దిగుతున్నప్పుడు ఆ తోపుడే మనిషి ప్రాణం తీస్తుంది.

6. ప్రతి బిల్లూ, ప్రతి ఫోటో దాచుకుందాం. బిగించక ముందు ఒక ఫోటో, బిగించాక ఒకటి. సర్వీసు బిల్లు, ఆయిలు బిల్లు ఒకే కవర్లో. రేపు మన తరఫున మాట్లాడేవి ఇవే.

ఆర్‌సీ, ఇన్సూరెన్సు మరవొద్దు

వారంటీ ఒక్కటే చూసుకుంటే చాలదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 182ఏ సెక్షన్ కింద అలాంటి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. పెద్ద మార్పు ఏదైనా ముందు రవాణా శాఖను అడుగుదాం, ఇన్సూరెన్సు కంపెనీకి రాతపూర్వకంగా తెలుపుదాం. ట్రాక్టర్‌కు పాలసీ ఉంటే ట్రాలీకి కూడా ఉన్నట్టే అనుకోవద్దు. విడిగా చూసుకుందాం.

వారంటీ లేదంటే ఏం చేద్దాం?

గొడవకు దిగొద్దు, ఉత్తచేతులతో తిరిగి రావొద్దు. ఏ భాగానికి, ఏ కారణంతో, పుస్తకంలోని ఏ షరతు ప్రకారం లేదంటున్నారో రాసి ఇవ్వమందాం. ఇవ్వకపోతే మనమే రాసి స్పీడ్ పోస్టులో పంపుదాం. 1915కు ఫోను చేద్దాం. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

అప్పటికీ కదలకపోతే ఒంగోలులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. బండిని సొంతంగా తోలుకుని బతికేవాణ్ణి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారుడిగానే చూస్తుంది. "బాడుగకు తిప్పుతున్నావు, నీకు హక్కు లేదు" అంటే వెనక్కి తగ్గొద్దు. కొన్న ధర 5 లక్షల దాకా ఫీజు లేదు. 5 నుంచి 10 లక్షల దాకా 200 రూపాయలే. గొడవ మొదలైన రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి.

ఈ వారంలోనే

బీరువాలో పడి ఉన్న వారంటీ పుస్తకాన్ని బయటకు తీయండి. కొన్న తేదీ, మీటరు గంటలు, తర్వాతి సర్వీసు తేదీ దాని అట్ట మీద పెద్ద అక్షరాలతో రాయండి. మీ ఊరి రచ్చబండ దగ్గర నలుగురు యజమానులు కూర్చుని ఎవరి బండికి ఏం బిగించారో చెప్పుకోండి. కొత్త బండి తెచ్చిన ప్రతి ఇంటికీ ఈ కాగితం చేర్చండి.

కిస్తీలు కట్టి కొన్న బండి అది. ఆ వారంటీకి కూడా ధరలోనే డబ్బు కట్టాం. అది మనకు ఎవరూ ఉచితంగా ఇచ్చింది కాదు.

అడిగి బిగిద్దాం! రాయించి దాచుకుందాం! రాసి ఇవ్వమని నిలదీద్దాం!

ఇట్లు,
మీ తోటి ట్రాక్టర్ యజమాని,
పొదిలి

(చదివాక పారేయకండి. బండి టూల్‌బాక్సులో పెట్టుకోండి.)