సమాజదర్పణమా? – చాసర్ యాత్రికులపై ఒక పునరాలోచన

‘పదునాల్గవ శతాబ్దపు ఆంగ్ల సమాజానికి నిలువుటద్దం’ – జెఫ్రీ చాసర్ రచించిన కాంటర్‌బరీ కథల ఉపోద్ఘాతంపై ప్రశ్న వచ్చినప్పుడల్లా విద్యార్థుల సమాధానాలు ఈ వాక్యంతోనే ఆరంభమవుతవి. ఆ వాక్యం వారిది కాదు. మనం తరగతిలో చెప్పినదే. అశ్వవీరుడు, వర్తకుడు, వైద్యుడు, పిండిమరవాడు – ఇట్లా పేర్లు, వేషాలు, గుర్రాలు వరుసగా వ్రాసి, ‘దీనివలన ఆనాటి సాంఘిక పరిస్థితులు తెలియుచున్నవి’ అని ముగిస్తారు. ఈ బోధనాపద్ధతి మారవలసి ఉన్నదని నా అభిప్రాయం.

చాసర్ ఈ కావ్యాన్ని సుమారు 1387లో ఆరంభించాడని పండితుల అంచనా. లండన్ నగరానికి థేమ్స్ నది ఆవలి ఒడ్డున ఉన్న సదర్క్‌లో, టబార్డ్ అనే సత్రంలో 29 మంది యాత్రికులు కలిశారని కవి చెప్పాడు. 1170లో తన ప్రధానాలయంలోనే హతుడైన ఆర్చిబిషప్ థామస్ బెకెట్ సమాధి వారి గమ్యం. పోతూ రెండు, వస్తూ రెండు కథలు ప్రతివారూ చెప్పవలెనని సత్రం యజమాని పెట్టిన నియమం. మనకు దక్కినవి 24. వాటిలోనూ కొన్ని అసంపూర్ణం.

అద్దమే అయితే ఎదుట నిలిచినదంతా అందులో కనపడవలె. ఈ బృందంలో మహాప్రభువులు లేరు. అటు కొసన బిచ్చగాడూ లేడు. స్త్రీలు ముగ్గురే, అందులో ఇద్దరు సన్యాసినులు. 1348–49 నాటి ప్లేగు దేశ జనాభాలో మూడవ వంతుకు తక్కువ కాకుండా తుడిచిపెట్టింది. కూలీలు అరుదై కూలి పెరిగితే, దానిని పూర్వపు స్థాయిలోనే ఉంచడానికి 1351లో పార్లమెంటు శాసనం చేసింది. 1381లో కెంట్, ఎసెక్స్ ప్రాంతాల ప్రజలు తిరగబడ్డారు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ సైమన్ సడ్బరీ శిరస్సును లండన్‌లో ఖండించారు. ఎసెక్స్ నుంచి వచ్చినవారు నగరం ప్రవేశించినది ఆల్డ్‌గేట్ ద్వారం గుండా; ఆ ద్వారంపై ఇంటిని ఆనాడు అద్దెకు తీసుకొని ఉన్నవాడు చాసరే. ఇంత జరిగినా, కథలన్నిటిలో ఆ తిరుగుబాటు పేరెత్తినది ఒక్కచోట. కోడిపుంజును నక్క ఎత్తుకొనిపోతే ఊరివారు వెంటబడి చేసిన గోలకు ఉపమానంగా! ఇక ఉపోద్ఘాతంలోని హాలికుడు పన్నులు సక్రమంగా చెల్లిస్తాడు, పేదలకు కూలి తీసుకోకుండా పనిచేస్తాడు, కావ్యంలో ఒక్క కథ అయినా చెప్పడు. భూస్వాములు కలగన్న రైతు ఇతడు. 1381 చూచిన రైతు ఇతడేనని నేను నమ్మలేను.

పైగా ఈ పాత్రల లక్షణాలు చాలావరకు అప్పటికే స్థిరపడిన ఒక అధిక్షేప సంప్రదాయం నుంచి వచ్చినవని 1973లో జిల్ మాన్ నిరూపించింది. ఆయా వృత్తులవారి దోషాలను వరుసగా ఎండగట్టే కావ్యశాఖ అది. మన ప్రబంధాలలోని పురవర్ణన చదివి ఆ ఊరి కోటగోడ ఎత్తు లెక్కగట్టబోము కదా!

అయితే ఈ కావ్యంలో సమాజం లేదని నేననడం లేదు. ఉన్నది; వర్ణించిన వేషంలో కంటె వర్ణించేవాని కంఠంలో ఉన్నది. కవి వేరు, కవినిబద్ధవక్త వేరు అన్న వివేకం మన ఆలంకారికులు ఎన్నడో చెప్పినది. చాసర్ విషయంలో ఈ భేదాన్ని డొనాల్డ్‌సన్ 1954లో ప్రత్యేకించి చర్చించాడు. ఈ కథకుడు ఎదురైన ప్రతివానినీ మెచ్చుకొంటాడు. మఠం వదలి వేటకు తిరిగే మఠవాసి, గ్రంథాల ముందు కూర్చోవడం దండగంటే, సబబేనని తలూపుతాడు. వైద్యుడు ప్లేగు రోజులలో గడించినదంతా భద్రపరచుకొన్నాడని చెప్పి, బంగారం గుండెకు ఔషధం గనుక అతనికి దానిపై ప్రీతి అని కారణం కూడా చూపుతాడు. (సువర్ణభస్మం ఎరిగిన మనకు ఈ చమత్కారం ఇంకా బాగా అందుతుంది.) దీనిని వ్యాజస్తుతి అని పేరుపెట్టి ఊరుకోవడం చాలదు. వ్యాజస్తుతిలో స్తుతించేవానికి నింద తెలుసు. ఇక్కడి వక్తకు తెలిసినట్లు లేదు. డబ్బును, హోదాను చూచి సహజంగా తల వంచే మనస్సు అతనిది. ఆ వంగిన తలే ఆనాటి సమాజానికి అసలైన సాక్ష్యం.

మఠాధికారిణి విషయం మరింత క్లిష్టం. బోనులో పడ్డ ఎలుకను చూచి కన్నీరు పెట్టే కోమలహృదయ అని విద్యార్థులకు చెబుతాము. ఆమె చెప్పిన కథ జోలికి మాత్రం పోము. అది యూదులు ఒక క్రైస్తవ బాలుని చంపారన్న కథ. ముగింపు వారికి విధించిన దారుణ శిక్ష. ఇంగ్లండు నుంచి యూదులను వెళ్లగొట్టినది 1290లో. సుమారు నూరేండ్ల తరువాత, ఎదుట లేని మనుషులపై ఆ ద్వేషం అట్లే ఉన్నది! కవి ఆమెను పరిహసిస్తున్నాడా, ఆమెతో ఏకీభవిస్తున్నాడా అన్నది నేటికీ వివాదమే. కష్టమైన ప్రశ్న గనుక దాటవేయడం అధ్యాపకునికి తగదు.

కావ్యాల నుంచి సాంఘిక చరిత్ర ఏరే పనిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో సురవరం ప్రతాపరెడ్డిగారు ‘క్రీడాభిరామం’ వంటి కావ్యాలను వినియోగించిన తీరు మనకు తెలిసినదే. కాని అక్కడ కూడా ఓరుగల్లు వీథులను చూచే కళ్లు గోవింద మంచనశర్మవి, టిట్టిభసెట్టివి. వారు దేనివైపు తిరిగారో, దేనిని చూడకుండా నడిచిపోయారో మన తరగతులలో అడిగినవారు ఎందరు?

వచ్చే ప్రశ్నపత్రంలో ‘చాసర్ చిత్రించిన సమాజాన్ని వివరింపుడు’ అన్న పాతప్రశ్న తీసివేయవచ్చు. దానికి బదులు వైద్యుని బంగారం ఎక్కడ నుంచి వచ్చినదో, కథకుడు దానిని ఎందుకు మెచ్చుకొన్నాడో వ్రాయమని అడిగి చూద్దాం.